ఆ రెండు సెకన్ల ఖాళీ: 12 ఏళ్లకు పైగా ‘వాట్స్ గోయింగ్ ఆన్’ విన్నాక

మార్విన్ గే అమెరికన్ గాయకుడు, మోటౌన్ అతని పాటలు తెచ్చిన డిట్రాయిట్ రికార్డు కంపెనీ. అంతకుమించి పరిచయాలు వదిలేస్తున్నాను. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ 1971 మే 21న వచ్చిన అతని ఆల్బమ్, తొమ్మిది పాటలు, 35 నిమిషాల పైచిలుకు. నేను రాయబోయేది పాటకీ పాటకీ మధ్య ఖాళీ గురించి. అంటే, ఇందులో లేని ఖాళీ గురించి.

మొదటి మూడేళ్లూ నేను దీన్ని తప్పుగా విన్నాను. 2011లో ఉద్యోగం కోసం డిట్రాయిట్ పక్కన నోవైలో దిగాను. వచ్చిన ఊరి పాటలేవో వినాలని ఉబలాటం. రూమ్మేట్ ఈ ఆల్బమ్‌ని ఒక సీడీలో రైట్ చేసి ఇచ్చాడు. మొదటి పాట అయ్యేది, రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత రెండో పాట ఎవరో మాట మధ్యలో ఉండగా తలుపు తీసినట్టు మొదలయ్యేది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. పాతకాలం రికార్డింగు, ఎడిటింగ్ మోటుగా ఉంటుందేమోలే అనుకున్నాను. ‘పాటలు బంగారం, అతుకులే బాలేవు’ అని ఆఫీసులో ఒకరిద్దరితో అన్నాను కూడా. వాళ్లిద్దరూ డిట్రాయిట్‌లో పుట్టి పెరిగినవాళ్లు. పాపం, మర్యాదకి ఊరుకున్నారు.

ఆ సీడీ గీతలు పడి మొరాయిస్తే 2014 జనవరిలో సెకండ్‌హ్యాండ్‌లో అసలు సీడీ కొన్నాను. మర్నాడు పొద్దున మంచు. నోవై నుంచి డియర్‌బార్న్ ఆఫీసుకి మామూలుగా అరగంట, మంచు పడితే దేవుడి దయ. సౌత్‌ఫీల్డ్ ఫ్రీవే ఎక్కాక రెండోసారి మొదటి నుంచి పెట్టాను, ఈసారి కాస్త శ్రద్ధగా. మొదటి పాట చివరికొచ్చింది. అలవాటుగా ఆ రెండు సెకన్ల కోసం ఆగాను. రాలేదు. తాళం తగ్గకుండానే వయొలిన్లు ఎటో జారాయి, గొంతు ఇంకో మాట అందుకుంది. డిస్‌ప్లేలో 1 పోయి 2 వచ్చింది. సీడీ పాడైందేమో అని ముందు నాకొచ్చిన అనుమానం. తర్వాత 3 వచ్చింది, మళ్లీ ఆగలేదు. 4, 5, 6. ఆరు పాటలు, 19 నిమిషాలు, ఒక్క ఊపిరి. మిషిగన్ అవెన్యూ ఎగ్జిట్ దాటిపోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీటింగ్‌కి లేటయ్యాను, ఎందుకో చెప్పలేదు. చెప్తే నమ్మరు.

మన హరికథ విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. దాసుగారు పాట నుంచి మాటకి, మాట నుంచి పద్యానికి జారిపోతారే తప్ప ఆగి ‘ఇక తర్వాతి పాట’ అనరు. నాకిది చిన్నప్పుడు ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో తెలుసు. మోటౌన్‌లో మాత్రం తెలియలేదు, ఎందుకంటే ఆ కంపెనీ దారి వేరు. మూడు నిమిషాల పాట చెయ్యి, రేడియోలో హిట్ కొట్టు, ఇంకోటి చెయ్యి. కార్ల ఫ్యాక్టరీల ఊరు కదా, పాటలూ అలాగే లైన్ మీద వచ్చేవి.

ఈ ఆల్బమ్ అలా రాలేదు. ఆల్బమ్ పేరే ఉన్న మొదటి పాటకి విత్తనం వేసింది మోటౌన్‌లోనే పాడే ఫోర్ టాప్స్ బృందంలోని ఓబీ బెన్సన్. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పోలీసులు కుర్రాళ్లని కొట్టడం చూసి మొదలెట్టాడు. తన బృందం వద్దంటే అది మార్విన్ చేతికొచ్చింది. అప్పటికి మార్విన్ తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం నుంచి తిరిగొచ్చి అక్కడి సంగతులు చెప్పి ఉన్నాడు. మార్విన్‌తో జంటగా పాడిన టామీ టెరెల్ 1970 మార్చిలో పోయింది. 1970లోనే రికార్డయిన ఈ పాట కంపెనీ యజమాని బెర్రీ గోర్డీకి నచ్చలేదు. ఇది బయటికి రాకపోతే ఇంకేమీ పాడనని మార్విన్ భీష్మించుకున్నాడు. 1971 జనవరిలో ఆ ఒక్క పాటే సింగిల్‌గా విడుదలై అమ్ముడుపోతుంటే, అదే కంపెనీ ‘ఆల్బమ్ ఏదీ?’ అంది. మిగతా పాటలు మార్చిలో పది రోజులకి కాస్త అటూఇటుగా తేల్చేశారు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఒక్క మనిషి చూపులోంచి అన్నీ నడుస్తాయి కాబట్టి, డేవిడ్ వాన్ డి పిట్ కూర్చిన వాద్యాలు వాటిని ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిపిస్తాయి. అలాంటి దాంట్లో రెండు సెకన్లు పెడితే వినేవాడికి ఇల్లు కాదు, గదులే కనిపిస్తాయి.

అన్నట్టు, మొదట్లో వినిపించే పార్టీ గోలలో డిట్రాయిట్ లయన్స్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు మెల్ ఫార్, లెమ్ బార్నీ గొంతులున్నాయి. అదీ రూమ్మేట్ సీడీలో దోషమే అనుకున్నాను నేను. ఇక పాటలో మార్విన్‌వే రెండు గొంతులు ఒకేసారి వినిపించే సంగతి: రెండు టేకులు విడివిడిగా పాడితే, ఇంజనీర్ పొరపాటున రెండూ కలిపి వినిపించాడు, మార్విన్‌కి నచ్చి ఉంచేశాడు. తన పాటకి తనే వంత.

ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గాలి. 2014 నుంచి కనిపించినవాళ్లందరికీ ‘ఖాళీ లేకుండా వినండి, అదే ప్రాణం’ అని ఊదరగొట్టాను. ఆ ప్రవాహంలో పడి నేను మాటలు వినడం మానేశానని తర్వాత తెలిసింది. మూడో పాట ‘ఫ్లయిన్ హై’ విమానం పాట అనుకున్నాను, ఆ మాటలు ఓ ఎయిర్‌లైన్స్ ప్రకటనని గుర్తుచేస్తాయి మరి. అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్టుకి దింపేటప్పుడు ప్రత్యేకంగా అదే పెట్టాను. నాన్న తల కూడా ఊపారు. అది హెరాయిన్‌కి బానిసైనవాడి పాట. ఐదోది, నిమిషం నలభై సెకన్ల ‘గాడ్ ఈజ్ లవ్’ ఇప్పుడు తేలిగ్గా వినలేను. అందులో తండ్రి అన్న మాటని దేవుడనే అర్థంలోనే పాడాడు. కానీ 1984 ఏప్రిల్ 1న కన్నతండ్రే అతన్ని కాల్చి చంపాడని తెలిశాక అది కూడా ప్రవాహంలో కొట్టుకుపోవడం నాకు మంచిదనిపించడం లేదు.

పైగా ఖాళీ అస్సలు వద్దు అన్నదీ నిజం కాదు. రెండేళ్ల కిందట ఎల్పీ, అంటే రెండు వైపులా పాటలుండే పాతకాలం రికార్డు, కొన్నాను. ఆరో పాట చివర భయపెట్టేలా ఓ ముక్క వినిపించి ఆగిపోతుంది. లేచి, రికార్డు తిప్పి, ముల్లు పెట్టాలి. ఆ అర నిమిషం చాలా అవసరం. సీడీలో అది లేకుండానే ఏడో పాట మొదలైపోతుంది. ఏడున్నర నిమిషాల ఆ ‘రైట్ ఆన్’ నాకు ఇన్నేళ్లూ సాగతీతగా అనిపించడానికి కారణం అదే కావచ్చు, కాకపోవచ్చు. ఎల్పీలో వింటే కాస్త నయం.

రోలింగ్ స్టోన్ అనే అమెరికన్ సంగీత పత్రిక 2020లో దీన్ని 500 గొప్ప ఆల్బమ్‌లలో మొదటి స్థానంలో పెట్టింది. 2003లో ఆరో స్థానం. ఆ లెక్కల మీద నాకు పట్టింపు లేదు. నాకు నచ్చడానికి సగం కారణం నా దారి దాని పొడుగుకి సరిపోవడం. పది నిమిషాల ప్రయాణం మీదైతే, లేదా ఫోన్‌లో పాటలు కలగాపులగంగా పెట్టుకునే అలవాటైతే, ఇది మీకు మూడు మంచి పాటలూ కొన్ని తెగిన ముక్కలూ అనిపించవచ్చు. ఇప్పుడు నాది ఇంటి నుంచి పని, కారులో సీడీ ప్లేయరే లేదు. ఏడాదికి నాలుగైదుసార్లు వింటానేమో.

మొన్న హైదరాబాద్‌లో ఉన్న ఆ రూమ్మేట్‌కి ఫోన్ చేసి మూడేళ్లు నన్నెలా పాడుచేశాడో చెప్పాను. సాంతం విని, ‘ఒరేయ్, రైట్ చేసేటప్పుడు అడిగానుగా, గ్యాప్ ఉంచాలా వద్దా అని. పాటలు కలిసిపోతాయి, ఉంచమన్నది నువ్వే’ అన్నాడు.