జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టని గ్రూపు: 5కి 4

నాన్నకి డిమెన్షియా. మాట దొరక్క తడుముకుంటారు, అడిగిందే మళ్లీ అడుగుతారు, కానీ నలుగురిలో కూర్చోవడం ఇప్పటికీ ఇష్టమే. అందుకే సీఎస్‌టీ గ్రూపులో చేర్చాం. కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అని దాని పూర్తి పేరు, అంటే నలుగురితో ఆటలు, కబుర్లతో ఆలోచనకి పని కల్పించే పద్ధతి. వారానికి 2 సార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, మొత్తం 14 సెషన్లు.

చేర్చేముందు నాకున్న టెన్షన్ ఒకటే. "ఇవాళ తారీఖెంత?" అని అందరి ముందూ అడుగుతారేమోనని. ఆసుపత్రిలో ఆ ప్రశ్న వినగానే నాన్న ముఖం చిన్నబోతుంది. ఇక్కడ తారీఖు, వారం, గ్రూపు పేరు అన్నీ ముందే బోర్డు మీద రాసిపెడతారు, చూసి చదివితే చాలు. గ్రూపుకి పేరు కూడా వాళ్లే పెట్టుకోవాలి. మావాళ్లు 'తొందరేం లేదు' అని పెట్టుకున్నారు! మొదట అందరూ కలిసి ఒక పాట, కాసేపు మెత్తటి బంతి విసురుకోవడం, ఆ తర్వాత ఆ రోజు విషయం. శబ్దాలు, చిన్ననాటి సంగతులు, డబ్బు లెక్కలు, ఇలా రోజుకొకటి.

ముఖాల సెషన్ రోజున నేను వెనక కూర్చుని చూశాను. గ్రూపు నడిపే అమ్మాయి రెండు ఫొటోలు బల్లమీద పెట్టి, "వీళ్లెవరు?" అనలేదు. "వీళ్లిద్దరిలో ఎవరిని నమ్ముతారండీ?" అంది. నాన్న కళ్లజోడు సర్దుకుని ఒక ఫొటోని దగ్గరికి లాక్కున్నారు. "ఈయన నవ్వు పెదాల దాకానే ఉంది. చేబదులు ఇవ్వకూడదు" అని తేల్చేశారు. ఎదురుగా ఉన్న పెద్దావిడ ఒప్పుకోలేదు. "కాదండీ, పాపం పన్నునొప్పి ఆయనకి." ఇక వాదన మొదలు. నాన్న జీవితమంతా ఖాతాలు రాసిన మనిషి కదా, ఊరుకుంటారా! మాట కోసం కాసేపు వెతుక్కుని, "పూచీకత్తు ఉంటే అప్పుడు చూద్దాం" అన్నారు.

జ్ఞాపకం అడిగితే తప్పో ఒప్పో తేలాలి. అభిప్రాయం అడిగితే ఆ బాధ లేదు. ఈ పద్ధతికి ఆయువుపట్టు అదే. బ్రిటన్‌లో ఎయిమీ స్పెక్టర్, మార్టిన్ ఒరెల్ అనే పరిశోధకుల బృందం దీన్ని 201 మందితో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. డిమెన్షియా తక్కువగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లకి ఇలాంటి గ్రూపులు పెట్టాలని అక్కడ వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లోనూ ఉంది. జబ్బు తగ్గిపోతుందని ఎవరూ చెప్పరు, ఆలోచనలో కొద్దిపాటి మెరుగుదలే. నాన్న అడిగిందే అడగడం మానలేదు. సెషన్ ఉన్న సాయంత్రం మాత్రం తనంతట తానే మాట కలుపుతారు, అది నాకు చిన్న విషయం కాదు.

ఇక లోపాలు. హాల్లో మాట మారుమోగుతుంది, చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకి అది నరకం. 5 నుంచి 8 మంది ఉంటే ఈ గ్రూపు బాగా సాగుతుంది, మా దాంట్లో కొన్నిసార్లు అంతకుమించి కూర్చోబెట్టారు. అప్పుడు నెమ్మదిగా మాట్లాడేవాళ్ల వంతు రానేరాదు. ఒకరోజు ఆ అమ్మాయి బదులు ఇంకెవరో వచ్చి, ఏనుగు బొమ్మకి రంగులేయమని కాగితాలు పంచారు. నాన్న పెన్సిల్ పక్కన పెట్టేసి, "ఇది మా మనవడికివ్వండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పెద్దవాళ్లని పిల్లల్లా చూడకూడదన్నది ఈ పద్ధతిలో మొదటి పాఠం కదా!

14 సెషన్లు అయ్యాక ఏంటని అడిగితే, "చూద్దామండీ" అన్నారు. వారానికొకసారి కొనసాగించే సెషన్లు ఈ పద్ధతిలోనే ఉన్నాయి, ఇక్కడ ఇంకా పెట్టలేదు. ఒక మార్కు తగ్గించింది అందుకే. చేర్చేముందు ఎంతమందిని తీసుకుంటారో, అన్ని సెషన్లూ ఒకరే నడుపుతారో లేదో అడగండి. కాసేపు కూడా కుదురుగా కూర్చోలేనివాళ్లకి, ఎదుటివాళ్ల మాట అందుకోలేనివాళ్లకి ఇది సరిపడదు. వాళ్లకి ఒక్కరితో ఒక్కరు కూర్చుని చేసేవే నయం.