కరెంటు బిల్లు తగ్గించే డబ్బా: బాపు కొన్నాడు, నేను విప్పి చూశా

దేవరకొండ అంగడిలో మా బాపు 650 రూపాయలు పెట్టి ఒక తెల్ల డబ్బా కొనుక్కొచ్చాడు. సాకెట్‌లో పెడితే చాలు, బిల్లు 40 శాతం తగ్గుతుందట. అమ్మినతను బాపు ముందే చిన్న మోటారు నడిపి, వైరుకు క్లాంప్ మీటరు తగిలించి, డబ్బా పెట్టకముందు ఎన్ని ఆంపియర్లు, పెట్టినంక ఎన్ని అని "చూస్కో పెద్దయ్యా" అంటూ చూపించాడట. ఆ మీటరులో మోసమేమీ లేదు, ఆంపియర్లు నిజంగానే తగ్గుతాయి. కిటుకంతా అక్కడే ఉంది.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసినవాణ్ణి, ఊరుకుంటానా? ఇంట్లో వాట్లు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే వాటా) చూపించే ప్లగ్ మీటరు ఉంటే సంపు మోటారును దానికి తగిలించా. అర హెచ్‌పీ మోటారు. డబ్బా లేకుండా 230 వోల్టుల దగ్గర 2.9 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.75, 500 వాట్లు. డబ్బా పెట్టగానే 2.7 ఆంపియర్లకు దిగింది, పవర్ ఫ్యాక్టర్ 0.80కి ఎక్కింది. వాట్లు మాత్రం అవే 500.

"తగ్గింది గదరా!" అన్నాడు బాపు.

"ఆంపియర్లు తగ్గినయి బాపూ, యూనిట్లు తగ్గలే."

బాపుకు బండి లెక్కలో చెప్పా. నిండా బరువున్న బండిని ఎడ్లు గుంజగానే కదలదు, కదిలినంక ఎడ్లు ఆగినా కొంచెం దూరం పోతుంది. మోటారు కాయిల్‌లో వోల్టేజీ ఎడ్ల గుంజుడు, కరెంటు బండి నడక, అందుకే కరెంటు వెనకబడుతుంది. మన లైన్లో 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు. ఒట్టి కాయిల్ అయితే కరెంటు పావు సైకిల్, అంటే 5 మిల్లీసెకన్లు ఆలస్యం, మా మోటారులో సుమారు 2.3. డబ్బాలో ఉన్నది కెపాసిటర్, అంటే చార్జీ దాచుకొని వదిలే భాగం. అది దీనికి పూర్తిగా ఉల్టా, ఖాళీ బిందెలోకి ముందు నీళ్లు దూకి తర్వాత మట్టం లేచినట్టు అక్కడ కరెంటే ముందు, వోల్టేజీ వెనక.

ఈ వెనకాముందుల వల్ల ప్రతి సైకిల్‌లో మోటారు లైన్లోంచి కొంత శక్తి తీసుకొని మళ్లీ లైన్లోకే తిరిగిచ్చేస్తుంది. అది చేబదులు. పొద్దున తెచ్చి సాయంత్రం ఇచ్చేసిన డబ్బును ఎవరైనా ఖర్చు కింద రాస్తారా? ఇంటి మీటరు కూడా రాయదు, నిజంగా ఖర్చయిన వాట్లకే యూనిట్లు వేస్తుంది. డబ్బా చేసేదల్లా ఆ చేబదులు లైనుదాకా పోకుండా పక్కనుంచే అందించడం.

డబ్బా విప్పితే లోపల 4 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ఆకుపచ్చ లైటుకు చిన్న బోర్డు. అంతే! ఇంకో సంగతి, మోటారు తీసేసి 60 వాట్ల పాత బల్బు పెడితే డబ్బా లేకుండా 0.26 ఆంపియర్, డబ్బాతో 0.39. తగ్గకపోగా పెరిగింది. బల్బులో వోల్టేజీ, కరెంటు కలిసే నడుస్తాయి, సరిదిద్దడానికి ఏమీ లేదు, కాబట్టి కెపాసిటర్ కరెంటు ఊరికే వచ్చి కలిసింది. అమ్మినతను బల్బు ఎందుకు తెచ్చుకోలేదో అర్థమైంది కదా.

ఇంకో తలనొప్పి, సాకెట్‌లోంచి పీకినంక పిన్నులు తగిలితే చురుక్కుమంది. ఒకసారి కొట్టింది, ఇంకోసారి కొట్టలేదు, పీకిన క్షణంలో వోల్టేజీ ఎక్కడుంటే కెపాసిటర్‌లో అంతే మిగులుతుంది మరి. చార్జీ దింపడానికి రెసిస్టర్ కూడా పెట్టలేదు, పిల్లలున్న ఇంట్లో ఇది మంచిది కాదు.

కెపాసిటర్ పనికిరానిదని కాదు. బోరు మోటారు స్టార్టర్ దగ్గర సరైన సైజుది పెట్టండి, వైర్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గుతుంది, లైను చివరనున్న మోటారుకు వోల్టేజీ కొంచెం మెరుగ్గా అందుతుంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే ఒట్టి వాట్లు కాకుండా వోల్టులు, ఆంపియర్ల గుణకారం మీద పడుతుంది కాబట్టి పెద్ద మిల్లుల వాళ్లకు డబ్బులూ మిగులుతాయి. మన ఇంటి బిల్లుకు ఏమీ మిగలదు. మాకు డబ్బా లేని నెల 142 యూనిట్లు, ఉన్న నెల 145.

ఐదులో ఒక స్టార్ ఇస్తున్నా, అదీ ఆ ఆకుపచ్చ లైటుకు. మళ్లీ బిగించి ఇస్తే బాపు దాన్ని వసారాలో పెట్టుకున్నాడు, రాత్రి లేచినప్పుడు గడప కనబడుతుందట.