ఊరికో బ్రాంచి, అన్నిటికీ ఒకే యూనిఫై కంట్రోలర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ల్యాబ్ కలెక్షన్ సెంటర్లు గుంటూరు, తెనాలి, బాపట్ల, చీరాల వైపు ఉన్నాయి. ప్రతిచోటా ఒక స్విచ్, వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లు రెండు మూడు. అన్నీ చూసుకునేది నేనొక్కడినే. వీటన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే యూనిఫై నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను (దీన్నే కంట్రోలర్ అంటారు) అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో పెట్టి కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నాలాంటి పని చేసేవాళ్లు ఎవరడిగినా ఇదే పెట్టుకోమంటాను.

చిన్న ఊళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కు మామూలుగా స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) రాదు. బయటి నుంచి బ్రాంచిలోకి వెళ్లే తేలికైన దారి ఉండదు. ఇందులో ఆ దారితో పనే లేదు: పరికరమే లోపలి నుంచి 8080 పోర్టు మీద సర్వర్‌ను పలకరిస్తుంది. బ్రాంచి రౌటర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. సర్వర్ వైపు 8080తో పాటు 3478 యూడీపీ తెరిచి ఉంచాలి. అడ్మిన్ పేజీ ఉండే 8443ని మాత్రం అందరికీ తెరవకండి. నేను వీపీఎన్ వెనకే ఉంచాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఇన్‌ఫార్మ్ అడ్రసులో (పరికరాలు సర్వర్‌ను పలకరించే చిరునామా) ఐపీ నంబరు కాకుండా సొంత డొమైన్ పేరు ఇవ్వడం. ఆ మధ్య సర్వర్ మార్చాల్సి వచ్చినప్పుడు కొత్తదాంట్లో బ్యాకప్ ఫైలు రీస్టోర్ చేసి, డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకున్న ఐపీ మార్చానంతే. కాసేపటికి ఒక్కో బ్రాంచీ దానంతటదే ఆన్‌లైన్‌లోకి వచ్చింది. పేరు లేకుండా పాత సర్వర్ ఉన్నట్టుండి పోతే ప్రతి పరికరంలోకీ ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి కొత్త చిరునామా చెప్పే సెట్-ఇన్‌ఫార్మ్ కమాండ్ కొట్టాలి. బ్లడ్ శాంపిళ్లు తీసే అమ్మాయిని ఆ పని చేయమని అడగగలమా?

కొత్త యాక్సెస్ పాయింట్‌ను నా టేబుల్ మీదే అడాప్ట్ చేసి (కంట్రోలర్‌కు జత చేసి), ఫర్మ్‌వేర్ ఎక్కించి, కంట్రోలర్‌లో ఆ బ్రాంచి కింద చేర్చాకే పంపుతాను. అక్కడ కేబుల్ పెడితే చాలు.

కంట్రోలర్ ఆగినా బ్రాంచిలో వైఫై ఆగదు. డేటా దాని గుండా పోదు కాబట్టి. గెస్ట్ పోర్టల్ (వచ్చినవాళ్లు వైఫైకి లాగిన్ అయ్యే పేజీ) వాడేవాళ్లకు మాత్రం కంట్రోలర్ నడుస్తూనే ఉండాలి.

సర్వర్‌కు 2 జీబీ ర్యామ్ మాకు సరిపోతోంది. అప్‌గ్రేడ్‌కు ముందు, కంట్రోలర్ ఆధారపడే జావా, మాంగోడీబీ డేటాబేస్ వెర్షన్లు తప్పక చూసుకోండి. మాంగోడీబీ 5.0 నుంచి ఏవీఎక్స్ అనే సదుపాయం ఉన్న ప్రాసెసర్ కావాలి, చవక సర్వర్లలో కొన్నిటికి అది ఉండదు. ఆటో బ్యాకప్ పెట్టి, ఆ ఫైలును వేరేచోటికి కూడా కాపీ చేయండి.

వైఫై సెట్టింగు మార్చి సేవ్ చేస్తే యాక్సెస్ పాయింట్లు దాన్ని అందుకునేలోపు కనెక్షన్ ఓ క్షణం తెగుతుంది. అందుకే పొద్దుటి శాంపిళ్ల వేళ వేలు పెట్టను, రాత్రి సెంటర్లు మూశాకే చేస్తాను.

యూనిఫై సొంత రౌటర్ అయిన డ్రీమ్ మెషీన్ కొన్నవాళ్లకు ఈ పద్ధతి కుదరదు. దాని కంట్రోలర్ దానిలోనే ఉంటుంది, బయటి సర్వర్ కింద చేరదు. మా బ్రాంచిల్లో మామూలు రౌటర్లే ఉన్నాయి, స్విచ్‌లూ యాక్సెస్ పాయింట్లూ మాత్రమే యూనిఫైవి.