కారులో ఆంప్, స్పీకర్లు: మూడేళ్లు వాడాక

ముందే తేల్చేస్తాను. నేను కొన్న ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు బాగున్నాయి, నాలుగు ఛానెళ్ల ఆంప్ (సౌండు పెంచే యాంప్లిఫయర్) ఫర్వాలేదు, వాటితో పాటు అంటగట్టిన వైరింగ్ కిట్ మాత్రం దండగ. బిగించి మూడేళ్లు దాటింది. బండి ఎక్కువగా విజయనగరం నుంచి శ్రీకాకుళం, పలాస వైపు హైవే మీదే తిరుగుతుంది కాబట్టి సౌండు మీద నాకు పట్టింపు ఎక్కువ. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ రేటులో దొరికే చాలా సెట్లది ఇదే కథ.

మొదటి ఏడాదిలోనే గరగర మొదలైంది. తక్కువ సౌండులో శుభ్రంగా ఉండేది. కాస్త పెంచితే పాటలో స, ష అక్షరాలు చీలిపోయేవి, డప్పు దెబ్బ పడినప్పుడల్లా గొంతు నలిగినట్టు వినిపించేది. మా బావమరిది విని "స్పీకర్లు పోనాయి బావా, మార్చీ" అన్నాడు. మన వైపు ఎవరిని అడిగినా ఇదే మాట. స్పీకర్లు మార్చి కూడా అదే గరగర వింటున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

స్పీకర్ పోయిందో లేదో తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి, తర్వాత కుడికి తిప్పి గరగర ఎటు ఉందో చూడాలి. ఒక వైపే ఉంటే ఆంప్ ఆపి, దాని దగ్గర ఎడమ, కుడి స్పీకర్ వైర్లు అటుదిటు మార్చాలి. గరగర కూడా వైపు మారితే తప్పు ఆంప్‌లోనో, డ్యాష్‌బోర్డులో పాటలు వేసే డెక్‌లోనో ఉంది. ఉన్నచోటే ఉంటే స్పీకర్‌దో, దాని వైరుదో. ఇంకోటి, సౌండు ఆపేసి కోన్‌ని (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) వేళ్లతో చుట్టూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గీరుకుంటున్న చప్పుడు వస్తే కోన్ వెనకున్న తీగచుట్ట, అంటే కాయిల్, ఒరుసుకుంటున్నట్టు, ఇక మార్చాల్సిందే. నావి రెండూ నెగ్గాయి, గరగర రెండు వైపులా ఒకేలా ఉంది. కుడి డోర్ ప్యాడ్ క్లిప్పు వదులై ఒక బరబర వచ్చేది గానీ, చేత్తో అదిమితే ఆగిపోయింది.

అసలు సంగతి గెయిన్‌లో ఉంది. సీటు కింద ఆంప్ మీదున్న ఆ చిన్న స్క్రూని బిగించిన కుర్రాడు దాదాపు చివరిదాకా తిప్పి ఇచ్చాడు, "దమ్ము రావాలి కదండీ" అంటూ. గెయిన్ వాల్యూమ్ కాదు, డెక్ పంపే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. అతిగా తిప్పితే ఆంప్ తన శక్తికి మించిన వోల్టేజీ ఇవ్వబోతుంది, ఇవ్వలేక సిగ్నల్ అల పైభాగం చదునుగా తెగుతుంది. క్లిప్పింగ్ అంటే ఇదే. అలా తెగినప్పుడు పుట్టే పై ఫ్రీక్వెన్సీలు ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్) నెత్తిన పడతాయి, అందుకే తరచూ ముందు కాలేది అదే.

లెక్క చిన్నదే. ఛానెల్‌కి 50 వాట్లు, స్పీకర్ 4 ఓములు. రెండూ గుణించి వర్గమూలం తీస్తే 14.1 వోల్టులు. స్పీకర్ వైర్లు ఊడదీసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బేస్, ట్రెబుల్ సున్నాలో పెట్టి, డెక్ వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, పెన్‌డ్రైవ్‌లోని టోన్ (ఒకే శ్రుతిలో మోగే శబ్దం) వేయాలి. ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు చూస్తూ, ఆ అంకె దాటకుండా గెయిన్ పెట్టాలి. చాలామంది 1 కిలోహెర్ట్జ్ టోన్ వాడమంటారు. చవక మీటర్లు చాలావరకు 400 హెర్ట్జ్ దాటితే నమ్మదగ్గవి కావు, అందుకని నేను హైపాస్ (లోతు శబ్దాల్ని ఆపే ఫిల్టర్) ఆపేసి 100 హెర్ట్జ్ వేశాను. మీటర్ 20 దాటి చూపించింది! గెయిన్ తగ్గించి, హైపాస్ మళ్లీ 80 హెర్ట్జ్‌లో పెట్టాక గొంతులు తేటపడ్డాయి.

తర్వాతి వానాకాలం ఇంకో రకం గరగర. ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు, బేస్ పడితేనే వచ్చేది. ఇది కిట్ నిర్వాకం. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు, ఎర్త్ బోల్టేమో పెయింట్ మీదే బిగించారు. బేస్ మోగుతుండగా ఆంప్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ చూస్తే ఒక వోల్టు దాకా పోతోంది. పెయింట్ గీకి, మెరిసే రేకు మీద రింగ్ టెర్మినల్ బిగించి, అసలు రాగి వైరు వేయించాక 0.1 కూడా లేదు. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లయితే సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, ఆ బోల్టు ఏటా ఒకసారి విప్పి చూసుకోండి.

విజయనగరం వాణ్ని కదా, పరీక్షకి మొదట ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టాను. ఆ పాత రికార్డుల్లోని గరగర రికార్డుదే, దాన్ని ఏ స్పీకరూ పోగొట్టలేదు. కొత్త రికార్డింగులో సోలో వయొలిన్ అయితే ట్వీటర్ బండారం బయటపెడుతుంది. ఇప్పటి సినిమా పాటల్లో కొన్ని మాస్టరింగ్‌లోనే (పాట విడుదలకి ముందు సౌండు సరిచేసే చివరి పని) తెగేదాకా పెంచి వదిలినవి, ఆంప్‌ని తిట్టే ముందు అదే పాట మంచి హెడ్‌ఫోన్‌లో వినండి.

మిగిలిన ఫిర్యాదు వేడి. మే నెలలో ఎండలో నిలిపిన బండి తీసి వెంటనే సౌండు పెంచితే ఆంప్ మీద ప్రొటెక్ట్ లైటు (కాలిపోకుండా తనంతట తానే ఆగిందని చెప్పేది) వెలిగి పాట ఆగిపోతుంది, ఏసీ కాసేపు ఆడాక గానీ తిరిగి రాదు. సీటు కింద కార్పెట్‌కి ఆనించి బిగించారు, గాలి ఆడదు. సిరిమాను సంబరం అయ్యాక డిక్కీలోకి మార్పిద్దామనుకుంటున్నాను. అప్పుడు పవర్ వైరు పొడవు పెరుగుతుంది కాబట్టి ఇప్పటికన్నా లావు వైరు వేయించాలి.