రంగు మూడు రోజులు, గోకుడు ఆరు రోజులు: మా పెయింటింగ్ మేస్త్రీకి నా మార్కులు

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. మేస్త్రీ పేరు, నంబరు మాత్రం అడగొద్దు. "ఉన్న పనే అవ్వట్లేదమ్మా, ఫోన్లు ఎత్తలేకపోతన్నాను, నంబరు పెట్టకండి" అని ఆయనే చెప్పాడు. ఆయన దొరక్కపోయినా, ఏ మేస్త్రీని పెట్టుకున్నా ఏమేం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

మా ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఒక కాలనీలో ఉంది. 2009లో కట్టాం. కింద ఒక పోర్షను, పైన ఒకటి, ఇటుక గోడల మీద సిమెంటు ప్లాస్టరింగ్. మా ఆయన ఆర్మీలో ఉన్నారు, ఇప్పుడు జమ్ములో డ్యూటీ. ఇంటి దగ్గర నేను, మా అత్తమ్మ, తొమ్మిది చదువుతున్న పిల్లాడు. కాబట్టి ఈ పనంతా నా నెత్తిమీదే పడింది.

నాలుగేళ్ల కిందట ఒకసారి వేయించాం. అప్పుడు వచ్చింది వేరే గుంపు. సంక్రాంతికి వారం ముందు కావడంతో వాళ్లకీ తొందరే, మాకూ తొందరే. చీపురుతో గోడలు దులిపారు, పాత స్నోసెం (నీళ్లలో కలిపి పూసే సిమెంటు రంగు) మీదే రెండున్నర రోజుల్లో రంగు లాగించేశారు. పండక్కి వచ్చిన చుట్టాలందరూ బాగుందన్నారు. జూలై వానలకి తూర్పు గోడ మీద పొక్కులు లేచాయి. మా పిల్లాడు ఒక పెచ్చు చివర పట్టుకుని లాగితే పెనం మీది అట్టులా చేతికొచ్చేసింది. దాని వెనకంతా తెల్లటి పొడి. రంగు గోడని కాదు, ఆ పొడిని పట్టుకుని ఉందన్నమాట. ఇది నాకు అప్పుడు తెలియలేదు, ఈసారి మేస్త్రీ చెప్తేనే అర్థమైంది.

ఈయన మొదటిసారి వచ్చినప్పుడు షేడ్ కార్డు తేలేదు. చిన్న సుత్తి, చుట్టిన పాలిథిన్ కవరు, టేపు తెచ్చాడు. అరచేతితో గోడ రాసి నాకు చూపించాడు, చెయ్యంతా సున్నం పూసినట్టు తెల్లగా అయింది. "ఇది పోయేదాకా గోకాలమ్మా" అన్నాడు. తర్వాత సుత్తి పిడితో గోడంతా తడుతూ తిరిగాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల ప్లాస్టరింగ్ ఇటుకని వదిలేసినచోట కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగుతుంది. అలాంటివి అయిదు చోట్ల దొరికాయి, సుద్దముక్కతో గీత గీశాడు. పాలిథిన్ ముక్కలు మూడు చోట్ల నాలుగు వైపులా టేపు వేసి అతికించి మర్నాడు వచ్చాడు. రెండు పొడిగానే ఉన్నాయి. పైన బాత్‌రూమ్ వెనక గోడకి అతికించినదాని లోపల మాత్రం నీటి చుక్కలు పట్టాయి. "ఇక్కడ లోపల పైపు కారతంది. ముందు ప్లంబర్ని పిలవండి" అన్నాడు. బాత్‌రూమ్ టైల్స్ పగలగొట్టాలంటే నాకు ఓపిక లేక, తర్వాత చూద్దాంలే అనేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రేటు చదరపు అడుగుకి 14 రూపాయలు చెప్పాడు, లేబరు మాత్రమే. ఇంకొకాయన 9కే చేస్తానన్నాడు. బయటి గోడలన్నీ కలిపి మాకు 1900 అడుగులు. అంటే తేడా 9,500 రూపాయలు. మా ఆయన ఫోన్లో "తొమ్మిది వాడికే ఇచ్చెయ్" అన్నారు. అట్టు ఊడినట్టు ఊడిన గోడని ఆయన చూశారా? చూసింది నేను. పద్నాలుగుకే ఒప్పుకున్నాను.

జనవరి మొదటి వారంలో వచ్చి బోలు చోట్లన్నీ కొట్టి, కొత్తగా పూత వేయించి, "రోజూ రెండుపూటలా తడపండి" అని చెప్పి వెళ్లిపోయాడు. వారం రోజులు బకెట్టు పట్టుకుని తడిపాను. తర్వాత ఫోన్ చేస్తే రథసప్తమి దాటాక వస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. సంక్రాంతికి మా ఇల్లు ఒక్కటే కుష్ఠు పట్టినట్టు మచ్చలతో ఉంది, మా ఆడపడుచు ముందు తలెత్తుకోలేకపోయాను. కొత్త సిమెంటు పూత మీద 28 రోజులు రంగు వెయ్యకూడదట, లోపలి తడీ క్షారమూ తగ్గకపోతే రంగు కాలిపోయి మచ్చలు పడతాయట. అది మొదటి రోజే చెప్పుంటే అంత కోపం వచ్చేది కాదు. ఆపిన స్టారులో సగం దీనికే.

రథసప్తమి జనం తగ్గాక నలుగురితో దిగాడు. సరుగుడు కర్రలతో పరంజా కట్టి, కారు కడిగే మిషనుతో పైనుంచి కిందికి గోడలు కడిగారు. మరీ దగ్గరగా పెడితే ప్లాస్టరింగ్ లేచిపోతుందని రెండడుగుల దూరం నుంచే కొట్టారు. పక్కింటి ప్రహరీ నీడలో ఎండ పడని ఉత్తరం గోడకి నాచు పట్టి ఉంది. దానికి బ్లీచింగ్ నీళ్లు పూసి, అరగంట ఆగి, బ్రష్షుతో తోమి కడిగారు. నాచు చావకుండా రంగు వేస్తే కిందనుంచి మళ్లీ మొలుస్తుందట.

ఆ తర్వాత గోకుడు. ఇద్దరు పట్టీలతో, అంటే గోకే రేకు పలకలతో, ఇద్దరు వైరు బ్రష్షులతో. ఆ చప్పుడుకి మా అత్తమ్మ సగం రోజు గుడికి పోయి కూర్చునేవారు. స్నోసెం పొడి జల్లుగా రాలి నా కరివేపాకు చెట్టు నెరిసిపోయింది. ఆరో రోజు మేస్త్రీ మళ్లీ అరచేయి రాసి చూపించాడు, ఈసారి చెయ్యి చెయ్యిలాగే ఉంది.

పగుళ్ల దగ్గర ఆయన పనితనం చూడాలి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వచ్చిన సన్న పగుళ్లని కూడా పట్టీ మూలతో వెడల్పు చేశాడు. ఉన్న పగులు పెద్దది చేస్తాడేమిటని నేను కంగారుపడ్డాను. సన్నగా ఉంటే మందు పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు అన్నాడు. దుమ్ము ఊది, ఫిల్లరు పేస్టు నింపి, ఆరాక కుంగినచోట రెండోసారి నింపాడు. స్తంభానికీ ఇటుక గోడకీ మధ్య నిలువునా వచ్చినదానికి వల గుడ్డ అతికించాడు. లప్పం (గోడ నున్నగా రావడానికి పూసే పుట్టీ) మాత్రం అవసరమైనచోటే పెట్టాడు, అదీ వైట్ సిమెంటుది. బయట గోడలంతా నున్నగా లప్పం పెట్టాలనుకోవడం డబ్బు దండగ అంటాడు.

నాకు అస్సలు తెలియని సంగతి పిట్టగోడది. దాని నెత్తిమీద పగుళ్లలోంచి వాన నీళ్లు దిగి కింద గోడకి పొక్కులు లేపుతాయట. పైభాగం మేడ వైపు వాలేలా సిమెంటు పూసి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు వేశాడు. సన్‌షేడ్ల అడుగున గ్రైండరుతో సన్న గాడి తీశాడు, నీళ్లు వెనక్కి పాకి గోడ మీద నల్ల చారలు కట్టకుండా. ఈ రెండూ నేను అడగలేదు, డబ్బు కూడా అదనంగా తీసుకోలేదు.

రంగు ఏషియన్ పెయింట్స్ అపెక్స్ అల్టిమా. మా ఆయన వీడియో కాల్‌లో ముదురు నీలం అన్నారు, పడమటి ఎండకి రెండేళ్లలో వెలిసిపోతుందని మేస్త్రీ వద్దన్నాడు. చివరికి గడ్డ పెరుగు రంగు, అంచులకి ఇటుక రంగు. ప్రైమరు 20 లీటర్లు, రంగు 20 లీటర్ల బకెట్లు రెండు పట్టాయి. బకెట్ల సీలు నా ముందే విప్పించాను. లోపల పెయింటర్ల కోసం కంపెనీ పెట్టే టోకెను వస్తే "ఇది మాదేనమ్మా" అని నవ్వుతూ చూపించి జేబులో వేసుకున్నాడు. రెండు బకెట్ల షేడు ఇసుమంత తేడా వచ్చినా గోడ మధ్యలో కనబడుతుందని రెండూ ఒకే డ్రమ్ములో కలిపాడు. రంగులో కలపడానికి నీళ్లు మా బోరువి ముట్టుకోలేదు, నోట్లో పోసుకుని ఉప్పన అని ఉమ్మేసి మున్సిపాలిటీ కుళాయి నీళ్లే పట్టమన్నాడు.

మంచు రోజులు కదా, గోడ తడి ఆరేదాకా తొమ్మిదిన్నర వరకు బ్రష్షు ముట్టేవాళ్లు కాదు, నాలుగు గంటలకి ఆపేసేవాళ్లు. పొద్దున్న పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ. నీడ ఎటుంటే అటు. గోడ కాలుతుండగా వేస్తే రంగు పట్టుకునే లోపే ఆరిపోతుందట.

ఇక మిగతా సగం స్టారు. పని పూర్తయ్యాక శుభ్రం చెయ్యడం వీళ్లకి రాదు. మెట్ల టైల్స్ మీద చుక్కలు నేనే టిన్నరుతో తుడుచుకున్నాను. ఏసీ బయటి డబ్బాకి కవరు కట్టమని మూడుసార్లు చెప్పాను, కట్టలేదు, ఇప్పటికీ దాని మీద పెరుగు చిలికినట్టుంది. పరంజా విప్పేటప్పుడు డిష్ గొడుగు తిరిగిపోయి రెండు రోజులు అత్తమ్మకి సీరియళ్లు లేవు. ఆవిడ లెక్కలో వీళ్లకి ఒక్క స్టారే.

ఇప్పటికి ఒక వానాకాలం దాటింది, అక్టోబరు ముసుర్లూ దాటాయి. తూర్పు గోడ మీద ఒక్క పొక్కు లేదు. పొక్కు లేచింది ఒక్కచోటే, పైన బాత్‌రూమ్ వెనక, అరచేయంత. ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, బొటనవేలితో ఆ పొక్కు నొక్కాడు. చిన్న ధారగా నీళ్లు కారాయి. కిందికి నా వైపు చూసి ఒక్కటే అడిగాడు, "ప్లంబర్ని పిలిచారేటమ్మా?"