నెల్లూరు నుంచి ఫుకెట్ - బ్యాంకాక్ ఫ్యామిలీ ప్యాకేజీ: బీచ్, గుళ్ళు, నైట్ లైఫ్ మూడూ కావాలనుకునేవాళ్ళ కోసం నా రివ్యూ

ఇప్పుడు నెల్లూరులో ఏ ట్రావెల్స్ ఆఫీసుకి పోయినా అద్దాల మీద అవే పేర్లు, థాయిలాండ్, బాలి, వియత్నాం, శ్రీలంక, మాల్దీవ్స్, అన్నిటి కిందా బీచ్ సైట్ సీయింగ్ నైట్ లైఫ్ అని రాసుంటది. అన్నీ అన్నిచోట్లా ఒకే రకంగా ఉండవు, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా. మా ఊళ్ళోనే ఉండే ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ఫుకెట్ - బ్యాంకాక్ ప్యాకేజీ తీసుకుని సంక్రాంతి సెలవల్లో పోయొచ్చాం, వాళ్ళ పేరు రాయను గానీ ఏది బాగా చేశారు ఏది చెయ్యలేదు అనేది మొత్తం చెప్తా. పోయింది నేను, నా భార్య, అమ్మ, అక్కా బావా, వాళ్ళ పిల్లలు. పిల్లలకి సముద్రం కావాల, అమ్మకి గుళ్ళు చూడాల, బావకేమో పొద్దుగూకితే లైట్లు, పాటలు, జనం ఉండే చోట కూర్చోవాల. మీ ఇంట్లో కూడా ఇట్టాగే ఉంటే ఇది మీకు పనికొస్తది.

అన్నిటికన్నా ముందు దేశం కాదు, నెల చూసుకోండి. ఈ మాట ఆఫీసులో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, ఏ నెల అడిగినా "సూపర్ సీజన్ అన్నా" అంటారు. మనకి మైపాడు ఉంది, కొత్తకోడూరు ఉంది, ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉంది, అలలు చూసి రావడానికి విమానం ఎక్కక్కర్లేదు. మన పక్క సముద్రం లోపలికి లాగుతది, పిల్లల్ని మోకాళ్ళు దాటనీయం, అంత డబ్బు పెట్టుకుని బయటికి పోయేది ఎందుకంటే ఆడ నీళ్ళు తేటగా, నిలకడగా ఉంటాయి, పిల్లాపెద్దా అందరూ దిగి గంటలు గంటలు ఆడుకోవచ్చు, దానికోసం. ఫుకెట్, క్రాబీ ఉండేది అండమాన్ సముద్రం పక్కన, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ సముద్రం అట్టాగే ఉంటది, మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి వానలు, పెద్ద అలలు, బీచ్ మీద ఎర్ర జెండాలు పాతుతారు, ఎర్ర జెండా ఉంటే నీళ్ళలో దిగకూడదు. అదే థాయిలాండ్‌లో రెండో పక్క గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్ అనే సముద్రంలో ఉండే కో సముయి దీవికి లెక్క వేరే, మనకి ఈశాన్య రుతుపవనాలు వచ్చే టైములోనే ఆడా వానలు, నవంబర్ అయితే మరీ జాస్తి. అంటే సంక్రాంతి సెలవలకి ఫుకెట్, క్రాబీ కరెక్టు, శ్రీలంక దక్షిణం పక్క మిరిస్సా, ఉనవటూన కూడా ఆ టైముకి బాగుంటాయి. పిల్లలకి వేసవి సెలవలప్పుడే కుదురుద్ది అంటే బాలి పెట్టుకోండి, ఆడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ, లేకపోతే వియత్నాంలో డానాంగ్. దసరా సెలవలకి మాత్రం డానాంగ్ వద్దు, సెప్టెంబర్ నుంచి ఆ పక్క వానలు, తుఫాన్లు మొదలవుతాయి.

ఇక మా ప్యాకేజీ. తలకి 68,000, టికెట్లు, హోటళ్ళు, పొద్దున టిఫిన్, తిప్పే వ్యాన్లు, ఫీ ఫీ దీవుల టూరు, బ్యాంకాక్ సిటీ టూరు కలిపి. నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి కారు మన ఖర్చే. వాళ్ళు బాగా చేసినవి ముందు చెప్తా. థాయిలాండ్‌కి 2025 మే 1 నుంచి డిజిటల్ ఎరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి ప్రభుత్వ సైట్‌లో ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు, బయట డబ్బులు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, వీళ్ళు మాత్రం ఫ్రీగానే అందరికీ నింపి ప్రింట్ తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టిచ్చారు. అమ్మకి విమానం ఎక్కడం అదే మొదటిసారి, చెన్నైలో వీల్‌ఛెయిర్ ముందే రాయించారు, అది చాలా పెద్ద సాయం. ఆడికి పోయాక ఫోన్ చేసినా రాత్రి పూట కూడా ఎత్తారు. ఈ విషయంలో పేరు పెట్టడానికి లేదు.

హోటల్ దగ్గరే తేడా కొట్టింది. మేం కటా బీచ్‌లో కావాలని అడిగాం, కొటేషన్‌లో కటాలో హోటల్ పేరే రాసి పక్కన చిన్న అక్షరాల్లో "లేదా అదే స్థాయి హోటల్" అని పెట్టారు, తీరా ఆడికి పోతే పటాంగ్‌లో దించారు. స్టార్లు అవే, రూములూ శుభ్రంగానే ఉన్నాయి, కానీ ఫుకెట్‌లో ఏ బీచ్ దగ్గర పడుకుంటున్నాం అనేది స్టార్ల కన్నా ముఖ్యం. పటాంగ్‌లో బాంగ్లా రోడ్డు అని ఉంటది, సాయంత్రం అయ్యేసరికి బండ్లు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్ళకి వదిలేస్తారు, రెండు పక్కలా బార్లు, పైన నియాన్ లైట్లు, ఒక్కో బార్ నుంచి ఒక్కో పాట, తెల్లవారుజాము దాకా ఆ మోత ఆగదు. బావకి అది పండగే, అమ్మకి నిద్ర లేదు. కటా, కరోన్ బీచ్‌లు కొండ దాటితే వస్తాయి, పటాంగ్ నుంచి అరగంట లోపే, ఇసక శుభ్రంగా ఉంటది, జనం తక్కువ, పిల్లలు ఆడుకునేదానికి అదే మేలు. నా మాట ఏందంటే ముసలివాళ్ళు, పిల్లలు ఉంటే కటాలో దిగి, రాత్రి కాసేపు తిరగాలనుకునేవాళ్ళు గ్రాబ్ యాప్‌లో (మన ఓలా లాంటిది) కారు పెట్టుకుని పటాంగ్ పోయి రావాల, కుర్రోళ్ళ బ్యాచ్ అయితే నేరుగా పటాంగ్‌లోనే దిగాల. హోటల్ పేరు, బీచ్ పేరు రెండూ రాతలో లేకుండా అడ్వాన్స్ కట్టబాకండి.

ఫీ ఫీ దీవుల టూరు గురించి కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే అందరూ ఫోటోలు చూసి దానికే ఎగబడతారు. పొద్దున్నే వ్యాన్ వచ్చి హోటల్ దగ్గర ఎక్కించుకుని రేవుకి తీసుకుపోతది, ఆడ నుంచి స్పీడ్ బోటు. బోటులో ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయని పోయి కూర్చోబాకండి, గాలి బాగుంటది గానీ అల మీద ఎగిరి పడినప్పుడల్లా నడుం విరిగినంత పనైద్ది, గుంతల రోడ్డులో షేర్ ఆటో వెనక కూర్చున్నట్టే. అమ్మని, పిల్లల్ని ఇంజన్ వైపు వెనక సీట్లలో కూర్చోబెట్టాం, వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేయించాం, హాయిగా పోయొచ్చారు. మాయా బే అనేదే అసలైన చోటు, జనం తాకిడికి పగడాలు చచ్చిపోతున్నాయని 2018 జూన్‌లో మూసేసి మళ్ళీ 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు బోట్లని ముందు పక్క రానివ్వరు, దీవి వెనక పక్క ఆపితే చెక్క దారి మీద చెట్ల మధ్య నడిచి అవతలికి పోవాల, చెట్లు అయిపోయి ఒక్కసారిగా ఆ తెల్ల ఇసక, రెండు పక్కలా నిలువు కొండలు, మధ్యలో ఆ పచ్చటి నీలం కనపడేసరికి మా అక్క అట్టాగే నిలబడిపోయింది. నీళ్ళలో ఈదనివ్వరు, మోకాళ్ళ దాకా దిగొచ్చు అంతే. ఒడ్డుకి దగ్గర్లోనే చిన్న చిన్న సొరచేప పిల్లలు తిరుగుతుంటాయి, రెక్క చివర నల్లగా ఉంటది, మనుషుల జోలికి రావు, మా మేనల్లుడైతే ఆడ నుంచి కదలనన్నాడు. ఆ సొరల కోసమే ఈత ఆపారు, ఆపి మంచి పని చేశారు. ప్రతి ఏడాదీ ఆగస్టు, సెప్టెంబర్‌లో మాయా బే మూసేస్తారు, ఆ నెలల్లో ప్యాకేజీలో ఆ పేరు రాసి అమ్మితే నమ్మబాకండి. ఇంకో విషయం, నేషనల్ పార్క్ ఫీజు విదేశీయులకి పెద్దవాళ్ళకి 400 బాట్లు (బాట్ అంటే థాయ్ కరెన్సీ), మా ప్యాకేజీలో అది లేదు, ఆ సంగతి రేవులో చెప్పారు. అందరికీ కలిపితే చిన్న మొత్తమేం కాదు, నెల్లూరులోనే చెప్పాల్సిన మాట అది.

బ్యాంకాక్ సిటీ టూరు మాత్రం నాకు నచ్చలేదు, గట్టిగానే చెప్తున్నా. గోల్డెన్ బుద్ధ ఉండే వాట్ ట్రైమిట్ (వాట్ అంటే గుడి), తర్వాత మార్బుల్ టెంపుల్, ఆ తర్వాత నగల షోరూం. మొదటి రెండూ మంచివే, ఆ బంగారు బుద్ధుడి బరువు దాదాపు 5.5 టన్నులు, పైన సున్నపు పూత ఉంటే శతాబ్దాల పాటు మామూలు విగ్రహం అనుకున్నారు, 1955లో చోటు మారుస్తుంటే పూత పగిలి లోపల బంగారం బయటపడిందని గైడు చెప్తుంటే అమ్మ నోరు తెరుచుకుని విన్నది. కానీ గుళ్ళ దగ్గర తొందర పెట్టి, షోరూంలో మాత్రం గంటకి పైగా కూర్చోబెట్టారు, ఏమీ కొనకపోతే మొహాలు మారిపోయాయి. బ్యాంకాక్ అంటే చూడాల్సిన గ్రాండ్ ప్యాలెస్ అసలు టూరులోనే లేదు. అడిగితే "అది మన వాళ్ళకి బోర్ కొడతది సార్" అన్నాడు గైడు. దాని టికెట్టు 500 బాట్లు, అందుకే చవక ప్యాకేజీల్లో పెట్టరని నా అభిప్రాయం.

మర్నాడు మేమే పోయాం, బోర్ కాదు కదా, టూరు మొత్తంలో అమ్మకి అదే గొప్ప రోజు. 1782లో మొదటి రామా రాజు కట్టించడం మొదలుపెట్టిన కోట అది, లోపల పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ పొడుగాటి మండపం ఉంటది, ఆ గోడల మీద వరసగా 178 బొమ్మల్లో రామాయణం వేశారు, వాళ్ళు రామకియెన్ అంటారు. రాముడికి ఆకుపచ్చ ఒళ్ళు, హనుమంతుడు తెల్లగా, రాక్షసుల కిరీటాల మీద బంగారు రేకు, ఇంగ్లీషు బోర్డు ఒక్కటి చదవకుండానే అమ్మ కథ చెప్పుకుంటా పోతా ఉంది. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి నోరు తెరుచుకుని ఉన్నాడు, ఆ నోట్లో ఒక మండపం, లోపల రాముడు. అమ్మ కాసేపు చూసి "ఇది మైరావణుడి కథరా, మన దాంట్లో తోకతో కోట కడతాడు, వీళ్ళు నోట్లోనే దాచేశారు" అన్నది. నిజంగా అదే కథ, ఆడ ఆ రాక్షసుడిని మైయరాప్ అంటారు. మన ఊళ్ళల్లో తోలుబొమ్మలాట చూసి పెరిగిన తరం వాళ్ళని తీసుకుపోతే ఆ గోడలు వాళ్ళకి ఎట్టా పలుకుతాయో చూడాల్సిందే. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉంటేనే లోపలికి పంపుతారు, చీర కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి తీస్తారు, అప్పుడే పోండి, ఎండ ఎక్కితే ముసలివాళ్ళు తట్టుకోలేరు. బయట రోడ్డు మీద ఎవరన్నా వచ్చి "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడికి తీసుకుపోతాం" అంటే వినకుండా గేటు దాకా నడవండి, టుక్ టుక్‌లో ఎక్కించుకుని మళ్ళీ ఏ షాపుకో తీసుకుపోయే పాత మోసం అది. దగ్గర్లోనే వాట్ ఫో, అందులో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడుగు, ఆ పాదాల మీద ముత్యపు చిప్పతో చేసిన పని దగ్గరగా చూడండి. ఆడ నుంచి పడవలో నది దాటితే వాట్ అరుణ్.

నైట్ లైఫ్ సంగతి. కుర్రోళ్ళకి ఆఫీసుల్లో ముందు చూపించేది పటాయా, బ్యాంకాక్ నుంచి 150 కిలోమీటర్లు, ప్యాకేజీ చవక, వాకింగ్ స్ట్రీట్ ఫేమస్. కానీ పటాయా ఊరి బీచ్‌లో నీళ్ళు ఫుకెట్ నీళ్ళకి ఏమాత్రం సాటి రావు, మంచి నీళ్ళు కావాలంటే ఎదురుగా ఉండే కో లార్న్ దీవికి పోవాల, మన వాళ్ళు కోరల్ ఐలాండ్ అనేది దాన్నే. కుటుంబంతో అయితే నేను పటాయా చెప్పను. బ్యాంకాక్‌లో బావకి బాగా నచ్చింది ఖావో సాన్ రోడ్డు, రోడ్డు మీదే కుర్చీలు, పాటలు, అన్ని దేశాల కుర్రోళ్ళు, చూసేదానికే సరదాగా ఉంటది. ఎక్కడ కూర్చున్నా మెనూలో రేటు చూసి చెప్పండి, రోడ్డు మీద కార్డు చూపించి షోకి రమ్మని పిలిచే వాళ్ళ వెంట పోబాకండి. ఆ దేశంలో ఈ-సిగరెట్ నేరం, బ్యాగులో పెట్టుకుని పోబాకండి. బీచ్‌లో జెట్ స్కీ తీసుకుంటే ముందే నాలుగు పక్కలా వీడియో తీసుకోండి, పాత గీతలకి మన దగ్గర డబ్బులు అడుగుతారు.

మాల్దీవ్స్‌కి నైట్ లైఫ్ కోసం పోయేవాళ్ళకి ఒక మాట, అది ముస్లిం దేశం, మామూలు జనం ఉండే దీవుల్లో మందు దొరకదు, రిసార్టుల్లోనే, రాత్రయితే నిశ్శబ్దం. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి బాగుంటది, ఫ్రెండ్స్ బ్యాచ్‌కి కాదు. బాలిలో అయితే మూడూ దొరుకుతాయి, సెమిన్యాక్, చంగూలో రాత్రులు, ఉలువాటులో కొండ అంచున సముద్రం మీద గుడి, పొద్దుగూకే వేళ ఆడ రామాయణాన్నే కెచాక్ అని మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని నోటితోనే తాళం వేస్తా ఆడతారు. ఖర్చులో మాత్రం వీసా 5 లక్షల రుపియా, 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్టు పన్ను 1,50,000 రుపియా కలుపుకోండి.

తిండి ఇబ్బంది లేదు, పటాంగ్‌లో ఇండియన్ హోటళ్ళు బోలెడు. అమ్మ కోసం ఆవకాయ, కరివేపాకు పొడి తీసుకుపోయాం. రోడ్డు పక్క ఉప్పు పట్టించి నిప్పుల మీద కాల్చిన చేప మాత్రం తప్పకుండా తినండి, చేప గురించి నెల్లూరోళ్ళకి నేను చెప్పేదేముంది, ముక్క విరిస్తే తాజాదో కాదో మీకే తెలుస్తది.

మొత్తానికి ఆ ట్రావెల్స్‌కి నేను 5కి 3 ఇస్తా. టికెట్లు, కాగితాలు, ఫోన్ ఎత్తడం, వీటికి ఆ మూడూ, హోటల్ మార్చినందుకు ఒకటి, నగల షోరూంకి ఒకటి తీసేశా. తిరిగొచ్చాక కొటేషన్ కాగితం పట్టుకుని ఆఫీసుకి పోయి కూర్చుంటే హోటల్ తేడా కింద కొంత వెనక్కి ఇచ్చారు, రాతలో ఉండబట్టే ఇచ్చారు. బిల్లులో టీసీఎస్ అని ఇన్‌కం ట్యాక్స్ కింద ముందే కొంత పట్టుకుంటారు కదా, అది పోయిన డబ్బు కాదు, పాన్ నంబర్ కరెక్టుగా ఇచ్చి ఉంటే మీ 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కట్టిన పన్నుల లెక్క చూపించే కాగితం) కనపడతది, ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, ఆఫీసు వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.