సింగపూర్ శిఖరం బుకిట్ తిమా: ఎత్తు తక్కువ, ఉక్కపోత ఎక్కువ

సింగపూర్‌లో సహజంగా ఏర్పడిన ప్రదేశాలన్నింటిలోకీ ఎత్తైనది బుకిట్ తిమా కొండ. దాని ఎత్తు 163.63 మీటర్లు. ఊళ్లో ఇంతకంటే ఎత్తైన భవనాలు చాలానే ఉన్నాయి కాబట్టి, ఈ కొండ ఎక్కడం ఘనకార్యమని ఎవరైనా చెబితే అలిపిరి మెట్లెక్కి వచ్చిన మనవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వులో న్యాయం ఉంది గానీ, మిట్టమధ్యాహ్నం ఇక్కడి మెట్ల మొదట్లో నిలబడితే అది ఎక్కువసేపు నిలవదు. ప్రవేశ రుసుము లేని ఈ అభయారణ్యంలో నడకబాట ఎలా ఉంది, ఏ సౌకర్యాలు ఉన్నాయి, ఎవరికి అనుకూలం, ఎవరికి కాదు అన్నది ఈ సమీక్ష.

ముందుగా వేడి సంగతి. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైచిలుకు ఉత్తరాన ఉన్న ఈ దేశంలో పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా సాధారణంగా 31 నుంచి 33 డిగ్రీల మధ్య తిరుగుతుంది. రెంటచింతల ఎండలు చూసినవారికి ఈ అంకె లెక్కలోకి రాదు. అయితే అక్కడి ఎండ పొడిగా ఉంటుంది కనుక చెమట పట్టీ పట్టకముందే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ తొంభై శాతం దాకా ఉంటుంది, వాన లేని మధ్యాహ్నాల్లో సైతం అరవై శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, పైగా దట్టమైన చెట్ల మధ్య గాలి కదలదు. చెమట కారుతుందే తప్ప ఆరదు కాబట్టి ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు. బందరు, కాకినాడ వైపు వేసవి గడిపినవారికి ఈ బాధ కొంత తెలిసినదే. కొండెక్కితే చల్లబడుతుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు, ఇంత ఎత్తుకు తగ్గేది సుమారు ఒక్క డిగ్రీ మాత్రమే.

2023 జులై నుంచి ఇక్కడి ప్రభుత్వం ఉష్ణోగ్రత, తేమ, గాలి, ఎండ తీవ్రత కలిపి లెక్కగట్టే ఒక కొలమానాన్ని ఆధారం చేసుకుని, వేడి ఒత్తిడి తక్కువగా ఉందా, మధ్యస్థంగా ఉందా, అధికంగా ఉందా అన్నది ఎప్పటికప్పుడు ఫోన్ యాప్‌లో తెలియజేస్తోంది. ఆ కొలత 33 డిగ్రీలకు చేరితే అధికం కింద లెక్క. మామూలు ఉష్ణోగ్రత అంకె కన్నా దీన్ని చూసుకుని బయలుదేరడం మేలు. ఈ నడకకు సంబంధించి నాకు అన్నింటికన్నా ఉపయోగపడిన సేవ ఇదే.

చేరుకోవడం కష్టమేమీ కాదు. డౌన్‌టౌన్ లైన్ మెట్రోలో బ్యూటీ వరల్డ్ స్టేషన్ దగ్గర దిగితే సందర్శకుల కేంద్రం దాకా నడిచే వెళ్లవచ్చు. అభయారణ్యం ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంటుంది. మరుగుదొడ్లు, దారి పటాలు, అడవిని పరిచయం చేసే చిన్న ప్రదర్శన అన్నీ కింద కేంద్రంలోనే ఉన్నాయి. పైన కొట్లేమీ లేవు, మజ్జిగ గానీ సోడా గానీ దొరుకుతుందనుకుంటే పొరపాటే. మనిషికి లీటరు నీళ్లు తక్కువని నా అభిప్రాయం.

కేంద్రం దాటగానే మొదలయ్యే తారు రోడ్డు ఆరంభంలోనే ఎంత నిటారుగా ఉంటుందంటే, కబుర్లు చెప్పుకుంటూ వచ్చిన గుంపులు అక్కడే మౌనం వహిస్తాయి. ఈ రోడ్డు పట్టుకుని శిఖరం దాకా వెళ్లవచ్చు, దూరం కిలోమీటరుకు కాస్త పైన. దారిలో ఒకచోట నేరుగా పైకి వెళ్లే మెట్ల వరుస విడిపోతుంది. ఎక్కడానికి మెట్లు, దిగడానికి రోడ్డు అన్నది నా సలహా, ఎందుకంటే మెట్ల ఎత్తు ఒకేలా ఉండదు, వాన పడ్డాక తడి ఆకులు అంటుకుని జారుతుంటాయి. చొక్కా నడుము దాకా తడిసి, కళ్లజోడు మీద ఆవిరి పట్టి, చేతిరుమాలు పిండుకోవలసిన స్థితికి రావడానికి ఈ మెట్లు సగం చాలు. ఆ పక్కనే కొందరు వీపున బరువైన సంచులు కట్టుకుని అవే మెట్లు పదేపదే ఎక్కి దిగుతూ కనిపిస్తారు. వాళ్లు హిమాలయాలకో, కినాబాలు పర్వతానికో సాధన చేస్తున్నవారు. దేశంలో ఇంతకంటే పెద్ద కొండ లేనప్పుడు పాపం ఇంకెక్కడికి వెళ్తారు?

నిర్వహణ విషయంలో వంక పెట్టడానికి చాలా వెతకాలి. కొండవాలు జారకుండా కట్టుదిట్టం చేసి, బాటలను సరిచేయడానికి 2014లో మొదలుపెట్టిన పనులు పూర్తయ్యాక అభయారణ్యాన్ని 2016 అక్టోబరులో పూర్తిగా తిరిగి తెరిచారు. ఆ పనుల్లో భాగంగా కొన్నిచోట్ల బాటను నేలకు కాస్త ఎత్తున చెక్కబాటగా వేశారు. అంతకుముందు అడుగుల తాకిడికి మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు బయటపడేవి, ఇప్పుడు ఆ వేళ్ల మీదుగా నడవవలసిన అవసరం తగ్గింది. కూడళ్లలో దారి సూచికలు స్పష్టంగా ఉన్నాయి.

ఇక శిఖరం. నిజం చెప్పాలంటే అక్కడ చూడడానికి పెద్దగా ఏమీ లేదు. ఎత్తు అంకె చెక్కిన ఒక బండరాయి, దాని పక్కన ఫొటో కోసం వరుసలో నిలబడ్డ జనం, కంచె వెనుక ప్రసార స్తంభం, చుట్టూ చెట్లు. నగరం మొత్తం కళ్లముందు పరుచుకుంటుందని ఊహించుకుని వస్తే నిరాశే. కూర్చుని ఊపిరి తీసుకోవడానికి చోటు మాత్రం ఉంది.

ఈ ప్రయాసకు ప్రతిఫలం దారి పొడవునా ఉన్న అడవిలోనే దొరుకుతుంది. 163 హెక్టార్ల ఈ అభయారణ్యం (ఎత్తూ విస్తీర్ణమూ ఒకే అంకెకు రావడం కాకతాళీయం) 1883 నుంచే రక్షిత వనం. సింగపూర్‌లో దాదాపు మిగతా ప్రాంతమంతా తోటలకూ ఇళ్లకూ పోగా, ఆదిమ వర్షారణ్యం మిగిలిన కొద్ది చోట్లలో ఇది ముఖ్యమైనది. రోడ్డు పక్కన తలెత్తి చూస్తే కొమ్మలు లేకుండా ఆకాశంలోకి పోయే సెరాయా చెట్లు మన ఉత్తరాంధ్ర అడవుల్లోని గుగ్గిలం చెట్టు కుటుంబానికే చెందినవి. 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ కొండ ప్రాంతంలో బస చేసి, దాదాపు రెండు నెలల్లో 700 రకాల పెంకు పురుగులను సేకరించాడు. అంతటి వైవిధ్యం ఇంత చిన్న జాగాలో ఉందంటే, శిఖరం మీదే దృష్టి పెట్టి పరుగున ఎక్కి దిగేవారు ఏం వదులుకుంటున్నారో తెలుస్తుంది. తోక చివర రెండు పొడవాటి ఈకలు వేలాడే రాకెట్ తోక ఏట్రింతను ఇక్కడ చూడవచ్చు. నేను చూసినప్పుడు ఆ ఈకలు పిట్ట వెంట వేరుగా ఎగురుతున్న రెండు తుమ్మెదల్లా కనిపించాయి.

కోతుల గురించి ఒక హెచ్చరిక. పొడుగుతోక మకాక్‌లు రోడ్డు మీదే తిరుగుతుంటాయి, ప్లాస్టిక్ సంచి కనిపిస్తే అందులో తిండి ఉందనే అనుకుంటాయి. కోతికి అరటిపండు పెట్టడం మనకు పుణ్యకార్యమే గానీ ఇక్కడ అది చట్టరీత్యా నేరం, జరిమానా గట్టిగానే పడుతుంది. తినుబండారాలు మూసిన వీపు సంచిలోనే ఉంచాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా అని సింగపూర్ తెలుగువారు తరచుగా అడుగుతుంటారు. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు ఉన్నవారికి ఈ కొండను నేను సిఫారసు చేయను. దూరం తక్కువే కదా అని బయలుదేరదీస్తే, సగం రోడ్డులో ఆగిపోయిన పెద్దవారిని ఆ నిటారు వాలులో కిందికి దింపడం ఎక్కించడం కన్నా కష్టం. వారికి సందర్శకుల కేంద్రం పక్కనే ఉన్న హిండ్‌హీడ్ ప్రకృతి వనం సరిపోతుంది. కొద్ది నడకతోనే పాత రాతి క్వారీ అంచుకు చేరుకోవచ్చు, నీటి మీదికి నిలువునా దిగిన ఆ గ్రానైట్ గోడ శిఖరం మీది బండరాయి కన్నా చూడముచ్చటగా ఉంటుంది. నడక అలవాటున్న పిల్లలకు మాత్రం కొండే ఇష్టం.

వేళ విషయానికొస్తే, గేటు తెరవగానే వెళ్లడం ఉత్తమం. ఆ సమయానికి తేమ ఎక్కువే అయినా ఎండ ఇంకా ఎక్కదు. శని, ఆదివారాల్లో ఎనిమిది దాటితే రోడ్డంతా జనమే. మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వానలు పడటం ఇక్కడ మామూలు కనుక, ఉరుము వినబడితే శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగాలి. దిగాక బ్యూటీ వరల్డ్ సెంటర్ నాలుగో అంతస్తులో భోజనశాల ఉంది. తడి బట్టలతో అక్కడ కూర్చోవడం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, సంచిలో నీళ్లతో పాటు ఒక పొడి చొక్కా కూడా పెట్టుకుని వెళ్లండి.